చలికాలంలో గది గాలి పొడిబారితే ఏం చేయాలి: బెజవాడ, గుంటూరు ఇళ్ళకు

గదిలో తేమ పెంచే మెషిన్, అంటే హ్యుమిడిఫైయర్ కొందామని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టారా? ముందు వంటింట్లోకి వెళ్ళి ఉప్పు జాడీ మూత తీయండి. ఉప్పు చెమర్చి చెంచాకి అంటుకుంటుంటే మీ ఇంట్లో గాలికి తేమ కొరత లేదు, పెదాలు పగలడానికి కారణం ఇంకేదో ఉంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటాక నీరు పట్టడం మొదలుపెడుతుంది. కళ్ళుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకాస్త ముందే చెమరుస్తుంది. ఉప్పు పొడిగానే ఉందనుకోండి, రాత్రి భోజనంలో మిగిలిన వేయించిన అప్పడం ఒకటి ప్లేటులో మూత పెట్టకుండా వదిలేయండి. తెల్లారేసరికి మెత్తబడితే తేమ సరిపడా ఉన్నట్టే. అప్పటికీ కరకరలాడుతుంటే ఈ కింద రాసినవి మీకు పనికొస్తాయి.

మన ఊళ్ళ విషయంలో ఇంత అనుమానం ఎందుకంటే, చలికాలంలో ఇంట్లో తేమ పెంచుకోమనే సలహాలన్నీ మంచు కురిసే దేశాల నుంచి వచ్చినవి. అక్కడ లెక్క వేరు. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. తేమ శాతం అంటే, ఆ మోయగలిగిన దాంట్లో ఇప్పుడు ఎంత ఉందన్న లెక్క. బయట 2 డిగ్రీలున్న ఊళ్ళో గాలి 90 శాతం తేమతో ఉన్నా, ఘనపు మీటరుకి అందులో ఉండేది 5 గ్రాముల నీరే. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకి వేడి చేస్తే తేమ పాతిక శాతానికి పడిపోతుంది. అమెరికాలో కూతురి దగ్గరికి డిసెంబరులో వెళ్ళిన అత్తయ్యలకి ముక్కులోంచి రక్తం వచ్చేది, దుప్పటి తీస్తే చిటపటలాడేది ఇందుకే. మన దగ్గర జనవరి పొద్దుట గాలి 19 డిగ్రీలు, 85 శాతం తేమ అనుకుందాం. అందులో ఘనపు మీటరుకి దాదాపు 14 గ్రాముల నీరు ఉంటుంది. అదే గాలి ఇంట్లోకి వచ్చి 27 డిగ్రీలకి వేడెక్కినా తేమ 50 శాతం పైనే నిలుస్తుంది. పక్కనే కృష్ణ, ఊరంతా కాలవలు, అరవై డెబ్భై కిలోమీటర్లలో సముద్రం. పొగమంచుకి బ్యారేజీ అవతలి గట్టు కనిపించని పొద్దుట గాలిలో నీళ్ళు లేవనడానికి లేదు.

అయితే మనకి అసలు పొడి గాలి ఉండదా అంటే, ఉంటుంది. మబ్బు లేని రోజుల్లో, నేల మీదుగా పొడి గాలి వీచే మధ్యాహ్నాల్లో తేమ బాగా పడిపోతుంది. పై అంతస్తులో స్లాబు వేడెక్కే ఫ్లాట్లలో ఇంకా ఎక్కువ పడుతుంది. చలికాలంలో కూడా ఏసీ లేనిదే నిద్రపట్టని వాళ్ళ గదులు ఒక రకం. పచ్చి బాలింత ఉందని కిటికీలన్నీ బిగించి, రూమ్ హీటర్ పెట్టిన గదులు ఇంకో రకం. ఈ గదుల్లోనే నిజంగా పని ఉంటుంది.

మొదటి పని: కొలవడం

తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకి దొరుకుతుంది. ఉష్ణోగ్రత, తేమ శాతం రెండూ చూపిస్తుంది. చౌక మీటర్లు ఐదారు శాతం అటూ ఇటూ తప్పు చూపించడం మామూలే కాబట్టి, తెచ్చిన రోజే దాన్ని పరీక్షించండి. దానికి పెద్ద హంగామా ఏమీ అక్కర్లేదు.

కూల్‌డ్రింక్ సీసా మూత ఒకటి తీసుకుని అందులో పొడి ఉప్పు నిండా పోయండి. నాలుగైదు చుక్కల నీళ్ళు వేసి అగ్గిపుల్లతో కలపండి. ఉప్పు ముద్దగా అవ్వాలి కానీ పైన నీళ్ళు తేలకూడదు. తేలితే ఇంకాస్త ఉప్పు వేయండి. ఆ మూతనీ మీటరునీ పక్కపక్కన జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఉప్పు మీటరుకి తగలకుండా చూసి, జిప్ గట్టిగా నొక్కేయండి. పడుకునే ముందు పెడితే పొద్దున్నే చూసుకోవచ్చు. కవరు తెరవకుండా పైనుంచే అంకె చదవండి. తడి ఉప్పు మీద మూసి ఉన్న గాలి 75 శాతం తేమ దగ్గర ఆగుతుంది, గది కాస్త చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా ఈ అంకె పెద్దగా మారదు. మీటరు 70 చూపిస్తే ఇక నుంచి ప్రతిసారీ 5 కలుపుకోండి. 81 చూపిస్తే 6 తీసేయండి. ఆ తేడాని చిన్న కాగితం మీద రాసి మీటరు వెనక అతికించండి, లేకపోతే వారానికే మర్చిపోతారు.

మీటరు కొనడం ఇష్టం లేకపోతే పాత పద్ధతి ఉంది. ఒకే రకం గోడ థర్మామీటర్లు రెండు తీసుకుని, ఒకదాని బల్బుకి తడి నూలు గుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాన్ గాలికి పది నిమిషాలు ఉంచండి. పొడిది 25, తడిది 18 చూపిస్తే గదిలో తేమ సుమారు 50 శాతం. తడిది 15 దాకా దిగితే మూడో వంతుకి పడిపోయినట్టు. తేడా నాలుగు డిగ్రీల లోపే ఉంటే 70 శాతం దగ్గర ఉన్నారు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. జ్వరం చూసే థర్మామీటరుతో ఈ పని అవ్వదు.

మీటరుని కిటికీ పక్కన, ఏసీ కింద, వంటింటి గోడకి ఆనించి పెట్టకండి. మంచం తలగడ ఎత్తులో, మీరు నిద్రపోయే చోట పెట్టండి. రోజుకి మూడుసార్లు చూడండి: లేవగానే, మధ్యాహ్నం మూడింటికి, పడుకునే ముందు. మూడు నాలుగు రోజుల్లో మీ ఇంటి ధోరణి తెలిసిపోతుంది. 40 నుంచి 55 మధ్య ఉంటే ఏమీ చేయకండి. 35 కంటే కిందికి పదే పదే దిగుతుంటే కిందికి చదవండి. బయటి తేమ ఎంతో తెలియాలంటే వాతావరణ శాఖ గన్నవరం లెక్క చూడొచ్చు కానీ, మీ పడకగదికి అది వర్తించదు.

తేమ మీద నెపం వేసే ముందు

కొలిస్తే 50 వచ్చింది, అయినా ఒళ్ళు తెల్లగా పొట్టు లేస్తోంది, గొంతు గరగరగా ఉంది. ఇలాంటి ఇళ్ళే ఎక్కువ. అప్పుడు చూడాల్సింది గీజరు. చలికాలం వచ్చిందంటే పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే గానీ స్నానం చేసినట్టు ఉండదు మనకి. ఆ వేడి నీళ్ళూ, నురగ బాగా వచ్చే సబ్బూ కలిసి చర్మం మీదున్న నూనెని కడిగేస్తాయి. గోరువెచ్చని నీళ్ళతో చేసి, సబ్బు చంకలకీ కాళ్ళకీ పరిమితం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాసుకుంటే గదిలో లీటర్ల కొద్దీ నీళ్ళు ఆవిరి చేసినా రాని ఫలితం వారంలో కనిపిస్తుంది.

గొంతు సంగతికొస్తే, మూసిన గదిలో రాత్రంతా కాలే దోమల చుట్ట, పొద్దునా సాయంత్రం వేసే సాంబ్రాణి పొగ, అగరబత్తి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. గుంటూరులో మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్ళకీ, ఇంట్లో ఎండుమిరపకాయలు తొడిమలు తీసేవాళ్ళకీ దగ్గు వస్తే అది ఘాటు, దుమ్ము. దానికి తేమ పెంచి లాభం లేదు, కిటికీ మూసి తడిగుడ్డతో తుడవాలి. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇంట్లో ఇంకాస్త ఆలోచించాలి, ఎందుకంటే తేమ 50 దాటిన కొద్దీ పరుపుల్లో, దిండ్లలో ఉండే దుమ్ము పురుగులు పెరుగుతాయి. పిల్లి కూతలు, పిల్లలకి ఎగశ్వాస, ముక్కులోంచి పదే పదే రక్తం ఉంటే ఇంటి చిట్కాలు పక్కనబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఉత్తినే ముక్కు ఎండిపోతుంటే మందుల షాపులో దొరికే మామూలు సెలైన్ చుక్కలు చాలు.

కిటికీ: పైసా ఖర్చు లేని తేమ

పైన చెప్పిన లెక్కలోనే దీని రహస్యం ఉంది. రాత్రిపూట, తెల్లవారుజామున బయటి గాలిలో ఉండే నీరు మన గదిలో గాలి కంటే తక్కువేమీ కాదు, చాలా రోజులు ఎక్కువే. కాబట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎదురెదురు కిటికీలు తెరిచి ఇల్లంతా గాలి ఆడనివ్వండి. పది గంటలు దాటి ఎండ ముదిరాక మూసేయండి. మనలో చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు: పొద్దున చలిగాలి అని బిగించేసి, మధ్యాహ్నం వెచ్చగా ఉందని తెరుస్తారు. దాంతో తేమ ఉన్న గాలి బయట ఉండిపోయి, పొడి గాలి లోపలికి వస్తుంది.

హైవే పక్కనో, బందరు రోడ్డు మీదకో కిటికీ ఉన్నవాళ్ళు పొగమంచు దట్టంగా ఉన్న పొద్దుట తెరవకండి. వాహనాల పొగ, దుమ్ము ఆ మంచుతో పాటే కిందికి దిగి ఉంటాయి. వెనక వైపు కిటికీ ఒక్కటి తెరవండి. బెజవాడ దోమల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, మెష్ లేని కిటికీ అయితే సాయంత్రం నాలుగున్నరకల్లా మూసేయాలి.

బాలింత గది విషయంలో పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోనక్కర్లేదు. బాలింతకి, బిడ్డకి నేరుగా గాలి తగలకుండా పక్కగదిలో కిటికీ తెరిచి, మధ్య తలుపు ఓరగా ఉంచితే చాలు. హీటరు అర్ధరాత్రి దాకా వేసి, తర్వాత ఆపేయమనండి. మన చలికి పద్దెనిమిది డిగ్రీల రాత్రుల్లో బిడ్డకి ఒంటి మీద అదనంగా ఒక పొర బట్టలు హీటరు కంటే మంచివి. మూసిన గదిలో నిప్పుల కుంపటి మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంకో రెండు చిన్న పనులు. స్నానం అయ్యాక బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకుండా తలుపు తెరిచి వదిలేయండి, ఆవిరి గదిలోకి వస్తుంది. గది తుడవడం పొద్దున కాకుండా మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోండి.

తడి తువ్వాలు, ఫ్యాను

కిటికీతో పని అవ్వని గదులకి, అంటే మధ్యాహ్నం పొడి గదులకి, హీటరు గదులకి, నా ఓటు తువ్వాలుకే. ఎంత నీరు కావాలో ముందు చూద్దాం. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అంటే దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి. 25 డిగ్రీల దగ్గర తేమని 35 నుంచి 50కి తేవాలంటే ఆ గాలికి కావాల్సింది 120 గ్రాముల నీరు, అంటే అర గ్లాసు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ గది కన్నం పడ్డ కుండ లాంటిది. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య సందు, వెంటిలేటరు, అన్నిటి నుంచీ గాలి మారుతూనే ఉంటుంది. కాబట్టి అర గ్లాసు ఒక్కసారి పోసి ఊరుకుంటే కుదరదు, గంటగంటకీ కొంచెం కొంచెం అందుతూ ఉండాలి. తువ్వాలు చేసేది సరిగ్గా అదే.

మందపాటి టర్కీ తువ్వాలు తీసుకోండి. పల్చటి చేనేత తుండు త్వరగా ఆరుతుంది కానీ నీళ్ళు తక్కువ పడుతుంది. తువ్వాలుని మంచినీళ్ళలో ముంచి, చుక్కలు కారకుండా గట్టిగా పిండండి. సబ్బు వాసన, కంఫర్ట్ వాసన ఉన్న తువ్వాలు వద్దు, అదంతా మీరే పీలుస్తారు. బట్టల స్టాండు మీద మడత లేకుండా పూర్తిగా పరిచి వేయండి, రెండు వైపులా గాలి తగలాలి. మడతపెట్టి కుర్చీ వీపు మీద వేస్తే సగం పనే అవుతుంది, పైగా మడతలో ముక్క వాసన పడుతుంది. స్టాండుని గోడకి రెండడుగుల దూరంలో, ఫ్యాను కిందో, టేబుల్ ఫ్యాను ముందో పెట్టి, ఫ్యానుని ఒకటో నంబరు మీద ఉంచండి.

నిజంగా ఎంత నీరు గాలిలోకి వెళ్ళిందో తెలుసుకోవాలని ఉంటే వంటింటి కాటా తీయండి. పిండిన తువ్వాలుని తూచండి, రెండు గంటల తర్వాత మళ్ళీ తూచండి. తగ్గిన గ్రాములన్నీ మీ గది గాలిలోకి వెళ్ళినట్టే. చేతితో పిండిన పెద్ద తువ్వాలు మూడు నాలుగు వందల గ్రాముల నీరు పట్టి ఉంచుతుంది. తువ్వాలు ఆరేకొద్దీ మీటరు ఎలా కదులుతుందో పక్కనే చూసుకోవచ్చు. ఒక తువ్వాలుకి 45 దాటకపోతే రెండోది వేయండి. మొదటి దానికే 55కి వెళ్తే చిన్నది వాడండి.

దీనికి ఒక ఖరీదు ఉంది. నీరు ఆవిరయ్యేటప్పుడు గది చల్లబడుతుంది. చలికాలం రాత్రి అది ఇబ్బందిగా అనిపిస్తే, పడుకునే ముందు రెండు గంటలు వేసి, పడుకునేటప్పుడు తీసి బాల్కనీలో ఆరేయండి. తువ్వాలుని ప్రతి రెండో రోజు ఉతికి ఎండలో వేయాలి, ఊరికే మళ్ళీ మళ్ళీ తడిపితే ముక్క వాసన మొదలవుతుంది. అపార్టుమెంటులో ఉండేవాళ్ళు రోజూ ఉతికే బట్టల్లో నాలుగింటిని మధ్యాహ్నం పడకగదిలో ఆరేసుకుంటే వేరే తువ్వాలు కూడా అక్కర్లేదు. మొత్తం బట్టలు మాత్రం వేయకండి, ఒక మోపు బట్టలు లీటరు పైనే నీటిని వదులుతాయి.

గిన్నెలో నీళ్ళు, మొక్కలు, మరిగే నీళ్ళు

మంచం కింద బేసిన్‌లో నీళ్ళు పెట్టమనే సలహా అందరూ ఇస్తారు. కదలని నీటి పైభాగం నుంచి ఆవిరి చాలా నెమ్మదిగా పోతుంది. అడుగుంబావు వెడల్పున్న బేసిన్ నుంచి గంటకి పది గ్రాములు వెళ్తే గొప్ప. రాత్రంతా కలిపి అర గ్లాసు కూడా అవ్వదు. హాని లేదు కదా అని పెడతారా, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ మంచినీళ్ళలోనే. గుడ్డు దోమ అవ్వడానికి వారం పదిరోజులు చాలు. మున్సిపాలిటీ వాళ్ళు శుక్రవారం డ్రై డే, నిలవ నీళ్ళు పారబోయండి అని ఊరికే మొత్తుకోవడం లేదు. పెట్టి తీరాలంటే రెండు రోజులకోసారి పారబోసి, బేసిన్ అంచుని పీచుతో రుద్దాలి, గుడ్లు నీళ్ళలో కాదు, అంచుకి అంటుకుని ఉంటాయి.

మొక్కలు అందానికి పెట్టుకోండి. కలబంద, స్నేక్ ప్లాంటు లాంటివి నీళ్ళు దాచుకునే రకాలు, గదికి వాటి నుంచి వచ్చేది ఏమీ లేదు.

ఆవిరి పట్టడం వేరు, గదిలో తేమ పెంచడం వేరు. ముక్కు దిబ్బడకి ఐదు నిమిషాలు ఆవిరి పడితే ఆ మనిషికి హాయిగా ఉంటుంది, గదికి ఒరిగేదేమీ లేదు. మరుగుతున్న నీళ్ళ గిన్నె పడకగదిలో నేల మీద పెట్టడం మాత్రం మానుకోండి, పాకే పిల్లలున్న ఇంట్లో మరీను. చిన్నపిల్లలున్న గదిలో ఆ నీళ్ళలో కర్పూరం, బామ్ వేయొద్దు.

మెషిన్ కొనే ఉంటే, లేక కొనక తప్పకపోతే

కొడుకు అమెరికా నుంచి తెచ్చిన హ్యుమిడిఫైయర్ మన ఊళ్ళో చాలా ఇళ్ళ అటకల మీద ఉంటుంది. ప్లగ్గులో పెట్టే ముందు వెనక స్టిక్కరు చదవండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకి అది నిమిషంలో కాలిపోతుంది, ప్లగ్గు మార్చే అడాప్టర్ పెట్టినా అంతే. 100 నుంచి 240 అని రాసి ఉంటే పరవాలేదు.

ఇక్కడ కొనేవి ఎక్కువగా అల్ట్రాసానిక్ రకం, చల్లటి మంచు లాంటి పొగ వదిలేవి. శబ్దం ఉండదు, కరెంటు పెద్దగా తినవు. తంటా అంతా నీళ్ళతోనే. ఈ రకం నీటిని ఆవిరి చేయదు, సన్నటి తుంపరగా విసురుతుంది. నీళ్ళలో ఏముందో అదంతా గాలిలోకి వస్తుంది. మన బోరు నీళ్ళ సంగతి గీజరు కాయిల్ చూసినవాళ్ళకి తెలుసు. టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 800 ఉన్న నీళ్ళు నాలుగు లీటర్లు పోస్తే ట్యాంకు ఖాళీ అయ్యేసరికి మూడు గ్రాముల పైచిలుకు తెల్లపొడి గదిలో పడుతుంది. టీవీ మీద, అద్దం మీద చేత్తో రాస్తే కనిపించేది అదే, మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేదీ అదే. ఆర్‌ఓ నీళ్ళే పోయండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళలో లవణాలు ఉండవు కదా అని కొందరు పట్టి పోస్తారు. అవి దుమ్ము పట్టిన కాయిల్ మీద నుంచి కారిన నీళ్ళు, బూజు బీజాలతో సహా వస్తాయి. ఇన్వర్టరుకీ వద్దు, దీనికీ వద్దు.

గదికి పెద్ద మెషిన్ అక్కర్లేదు. గంటకి 300 మిల్లీలీటర్లు వదిలేది ఫుల్లుగా పెడితే, మనం లెక్క వేసిన గది గంటలోపే 60 దాటేస్తుంది. కనిష్ఠానికి పెట్టి, మీటరు 50 చూపించగానే ఆపేయండి. తేమ చూసుకుని తానే ఆగే రకం దొరికితే అదే మేలు. నేల మీద కాకుండా మూడడుగుల ఎత్తు బల్ల మీద పెట్టండి, మూతి గోడ వైపు, మంచం వైపు, స్విచ్ బోర్డు వైపు తిరగకూడదు. కొండపల్లి బొమ్మల షోకేసు దరిదాపుల్లో అసలు వద్దు. వాటి అతుకులకి వాడే మక్కు చింతగింజల పొడి, రంపపు పొట్టుతో చేసింది, తుంపర తగిలితే ఉబ్బుతుంది, రంగు లేస్తుంది.

కడగడం తప్పనిసరి. రోజూ మిగిలిన నీళ్ళు పారబోసి, ట్యాంకు తుడిచి, మూత తీసి ఆరనివ్వండి. వారానికోసారి కిరాణాకొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా, అర లీటరు నీళ్ళలో కలిపి ట్యాంకులోనూ, అడుగున తుంపర పుట్టించే గుండ్రటి పలక ఉన్న గుంటలోనూ పోసి అరగంట ఉంచండి. తెల్లటి పెచ్చు మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో తేలిగ్గా రుద్దండి. ఆ పలకని చాకుతో గీకితే మెషిన్ పోయినట్టే. తర్వాత రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడగండి. వేలితో రాస్తే జిగటగా అనిపించిందంటే బ్యాక్టీరియా పొర పట్టిందని అర్థం, ఇంకోసారి కడగాలి.

ట్యాంకులో నీళ్ళు తప్ప ఇంకేమీ వేయకండి. నీలగిరి తైలం వేస్తే ప్లాస్టిక్ పగులుతుంది. డెట్టాల్, క్రిమిసంహారకాలు వేసేవాళ్ళు దక్షిణ కొరియాలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. అక్కడ హ్యుమిడిఫైయర్ నీళ్ళలో కలపడానికంటూ అమ్మిన క్రిమినాశకాలే ఊపిరితిత్తులు పాడై మనుషులు చనిపోవడానికి కారణమని 2011లో తేలింది. చర్మానికి పెద్దగా హాని చేయని మందు, తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వేరే కథ.

ఏసీ గది

ఏసీ చేసే పనుల్లో తేమ తీయడం ఒకటి. బయట పైపు నుంచి కారే నీళ్ళు మీ గది గాలిలోవే. ఒక పక్క ఏసీ నీళ్ళు తీస్తుంటే ఇంకో పక్క హ్యుమిడిఫైయర్ నీళ్ళు పోయడం, రెండింటికీ మీరే కరెంటు బిల్లు కట్టడం! ముందు ఏసీని 26కి పెంచండి, రెక్కలు పైకి తిప్పి గాలి మొహం మీద పడకుండా చేయండి, రిమోట్‌లో నీటిచుక్క గుర్తు ఉన్న డ్రై మోడ్‌లో లేదని చూసుకోండి. డిసెంబరు, జనవరుల్లో ఏసీ గంట నడిపి ఆపేసి, మెష్ కిటికీ బెత్తెడు తెరిచి ఫ్యానుతో పడుకుంటే బెజవాడలో ఎవరికీ ఉక్కపోయదు. కంప్రెసరు నడవని గంటల్లో తేమ దానంతటదే పెరుగుతుంది.

ఎక్కడ ఆపాలి

మన ఇళ్ళకి తేమ తక్కువైతే వచ్చే నష్టం కంటే ఎక్కువైతే వచ్చే నష్టం పెద్దది. 60 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. పొద్దున్నే కిటికీ అద్దం లోపలి వైపు చెమరుస్తుంటే, బీరువా వెనక గోడ మీద నల్ల చుక్కలు కనిపిస్తుంటే, పట్టుచీరలు మడతలో ముక్క వాసన వేస్తుంటే అదే రోజు అన్నీ ఆపేసి, బీరువాని గోడకి నాలుగు వేళ్ళు ఇవతలికి జరపండి. బాత్‌రూమ్ గోడని ఆనుకున్న పడకగదిలో నీరు పీల్చిన గోడ ఉంటే ఆ గదిలో తడి తువ్వాలు అసలు వేయకండి, ముందు ఆ లీకు చూపించుకోండి.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ వారంలోనే మెషిన్‌ని నిమ్మ ఉప్పుతో చివరిసారి కడిగి, ట్యాంకు, పలక, మూత విడివిడిగా నీడలో రెండు రోజులు ఆరబెట్టి, మూత బిగించకుండా అట్టపెట్టెలో పెట్టండి. మీటరుని మాత్రం గోడకే ఉంచండి. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచే మధ్యాహ్నం అది చూపించే అంకె చాలా ఇళ్ళలో జనవరి అంకె కంటే కిందే ఉంటుంది, అప్పుడు కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లుకోవచ్చు.